కౌలు ఒక్కటే బస్తాల్లో మిగిలింది

నిరుడు వేసవిలో మా బంధువుల ఇంట పెళ్లికి వెళ్లినప్పుడు, భోజనాలయ్యాక పందిట్లో కుర్చీలు దగ్గరకు జరుపుకుని కూర్చున్న పెద్దల మధ్య అలవాటైన మాటే మళ్లీ వచ్చింది. "ఈ తరానికి మట్టంటే చిన్నచూపు. పొలం గట్టు ఎక్కే కుర్రాడు ఊళ్లో ఒక్కడు లేడు" అన్నారు మా పెదనాన్నగారు. చుట్టూ ఉన్నవారంతా తలూపారు. అలా తలూపిన పదిమందిలో సొంతంగా సేద్యం చేస్తున్నవారు ఒక్కరూ లేరన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. అందరివీ కౌలుకిచ్చిన పొలాలే. నేనూ వారిలో ఒకణ్నే, నేనూ తలూపాను.

తిరుగు ప్రయాణంలో రైలెక్కిన దగ్గర నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. గోదావరి డెల్టాలో మాకున్న ఏడెకరాల మాగాణిని పదిహేనేళ్లుగా ఒకే కౌలుదారు చేస్తున్నారు. ఆయన కొడుకు కూడా నాలాగే హైదరాబాదులో ఉంటాడు. ఊరి లెక్కలో మేమిద్దరం సేద్యం వదిలేసిన కుర్రాళ్లమే. అయితే మేము వదిలిన తీరు ఒకటి కాదు. మా నాన్నగారి ఖాతాలో ఏటా రెండుసార్లు కౌలు డబ్బు పడుతుంది. అతను నెలనెలా తన జీతంలోంచి ఆరు వేల రూపాయలు తండ్రికి పంపుతాడు, అది నేరుగా ఎరువుల కొట్టులో ఉన్న పాత బాకీకి వడ్డీగా వెళ్లిపోతుంది. ఒకే పొలానికి సంబంధించి, ఒకే నగరంలో ఉన్న ఇద్దరు కొడుకుల్లో ఒకడి ఇంటికి డబ్బు వస్తోంది, ఇంకొకడి జేబులోంచి పోతోంది. తరం మారడమంటే డెల్టాలో జరిగింది ఇదేనని నా అభిప్రాయం. మా తరం సేద్యాన్ని వదులుకుంది గాని పొలాన్ని వదులుకోలేదు. సేద్యంతోపాటు దాని అప్పును కూడా, కౌలుదారునని చూపించే ఏ కాగితమూ లేని మనిషి చేతిలో పెట్టి వచ్చింది. ఆ కాగితం ఇవ్వడం మన చేతిలో ఉన్న పని కనుక ముందు అది చేయాలి. ఈ మాట చెప్పే అర్హత నాకు ఎంతవరకు ఉందో కింద చదివేవారే తేల్చుకోవచ్చు.

ఖర్చుల పుస్తకం

2024 సార్వా (వానాకాలపు వరి పంట) మాసూళ్లు అయ్యాక నేను ఊరెళ్లినప్పుడు కౌలుదారుగారి ఖర్చుల పుస్తకం అడిగి చూశాను. కొడుకు పదో తరగతిలో వాడగా మిగిలిన లెక్కల నోటుబుక్కు అది. మొదటి పేజీల్లో బీజగణితం, వెనక నుంచి తిప్పితే దమ్ము (నీళ్లలో దున్నడం), ఊడ్పు (నాట్లు), ఎరువు కట్టలు. పెన్సిలుతో రాసి, డబ్బు చెల్లించాక దాని మీదే పెన్నుతో దిద్దారు. పెన్ను పడనివి ఇంకా బాకీ ఉన్నవని అర్థం. ఎరువుల కొట్టుకు ఎదురుగా ఉన్న అంకెలన్నీ పెన్సిలువే.

ఎకరానికి లెక్క వేసుకుంటే దమ్ముకు 5,000, విత్తనానికి నారుమడికి 1,800, ఊడ్పుకు 6,000, ఎరువులకు 5,600, పురుగుమందులకు 3,600, కలుపుకు 2,000, కోత మిషనుకు 4,000, ఆరబెట్టడానికి, బస్తాలకు, రవాణాకు 2,500. మొత్తం 30,500 రూపాయలు. ఇందులో ఆయన పని, ఆయన భార్య పని లేవు. ఎకరానికి 75 కిలోల బస్తాలు 32 అయ్యాయి. ఆ ఏడాది సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300, అంటే బస్తాకు 1,725. చేతికి రావలసింది 55,200. అందులో మా కౌలు 13 బస్తాలు, 22,425 రూపాయలు. ఖర్చు కూడా తీసేస్తే మిగిలేది 2,275. పెట్టుబడిలో సుమారు పాతిక వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినది, ఆరు నెలలకు మూడు వేలు వడ్డీ. ఎకరానికి 725 రూపాయలు ఎదురు, అంటే నష్టం.

ఒక్క సార్వానే చూపి తీర్పు చెప్పడం న్యాయం కాదు. రెండో పంట అయిన దాళ్వాలో దిగుబడి నలభై బస్తాలు దాటుతుంది, కాలువ నీరు వంతులు తప్పకుండా అందిన ఏడు ఆ పంటే సార్వా నష్టాన్ని పూడ్చి ఇల్లు గడుపుతుంది. నీరు తగ్గిన ఏడు, కోతల వేళ వాన పడిన ఏడు పాత బాకీ మీద కొత్త బాకీ చేరుతుంది. ఎరువుల కొట్టులో ఉన్న మూడు లక్షల బాకీ అలా పేరుకున్నదే. ఒక్క ఏడాది విపత్తు వల్ల వచ్చి పడింది కాదు.

పుస్తకం చూసేవరకు ఎరువుల ధరలే సేద్యాన్ని ముంచుతున్నాయని నేను గట్టిగా నమ్మేవాణ్ని. ఆ నమ్మకం సగమే నిజం. 45 కిలోల యూరియా కట్ట 266 రూపాయల 50 పైసల దగ్గరే ఏళ్ల తరబడి ఆగి ఉంది. డీఏపీ కట్ట కూడా రాయితీ పుణ్యమా అని 1,350 దగ్గర నిలిచింది. మిశ్రమ ఎరువులు పెరిగాయి, మందులు బాగా పెరిగాయి. అయినా అసలు పెరుగుదల మనుషులకు, యంత్రాలకు ఇచ్చే కూలిలో ఉంది. దాని వెనక ఇంకో మార్పు ఉంది. నా చిన్నతనంలో కోత కూలి, నూర్పిడి కూలి, చాకలి, మంగలి, కమ్మరి మేరలు కుప్ప దగ్గరే ధాన్యంగా కొలిచి ఇచ్చేవారు. పంట పండితేనే ఇచ్చేవారు, పండినంతలో ఇచ్చేవారు. ఎడ్లు ఇంటివి, గడ్డి పొలంలోది. ఇప్పుడు దమ్ము ట్రాక్టరుకు, ఊడ్పు ముఠాకు, కోత మిషనుకు పని అయిన పూటే డబ్బు ఇవ్వాలి, పంట ఇంటికి రాకముందే ఇవ్వాలి. వాన పడి చేను పడిపోతే, మామూలు మిషను దిగని బురదలో చైన్ మిషను పెట్టాలి, గంటలు రెట్టింపవుతాయి, పంట తగ్గిన ఏడే కోత ఖర్చు పెరుగుతుంది. సేద్యంలో ఒకప్పుడు నష్టాన్ని అందరూ తలా కొంచెం పంచుకునేవారు. ఇప్పుడు నష్టం మొత్తం పెట్టుబడి తెచ్చిన మనిషి మీదే పడుతుంది.

ఇన్ని మారినా పాత పద్ధతిలో ధాన్యం లెక్కలోనే మిగిలింది ఒక్క కౌలే. 2013-14లో మద్దతు ధర 1,310 ఉన్నప్పుడు మా సార్వా కౌలు 13 బస్తాలు, 2,300 అయినప్పుడూ 13 బస్తాలే. "మేము కౌలు పెంచలేదు" అని మా నాన్నగారు నిజాయితీగానే అంటారు. రూపాయల్లో చూస్తే అది ఎకరానికి సుమారు 12,770 నుంచి 22,425కు పెరిగింది. 32 బస్తాల్లో 13 మావి కనుక, మద్దతు ధర పెరిగిన ప్రతిసారీ ఆ పెంపులో నూటికి నలభై పాళ్లు, గట్టు ఎక్కని మా ఇంటికి వస్తున్నాయి. పైగా పంట తగ్గి 24 బస్తాలే అయిన ఏడు కూడా మా 13 తగ్గవు. కూలి ధాన్యంలా ఇది పండినంతలో కొలిచేది కాదు, ముందే కుదుర్చుకున్న మాట.

మద్దతు ధర లెక్క కట్టే విధానంలోనూ కౌలుదారు కనిపించడు. 2018-19 నుంచి కేంద్రం చెబుతున్న "ఖర్చుకు ఒకటిన్నర రెట్లు" అనే సూత్రం చేతి ఖర్చులకు, కుటుంబ శ్రమకు వర్తిస్తుంది. కౌలుకు చెల్లించిన అద్దె అందులో లేకపోలేదు. కాని సొంత భూమి చేసేవారిని, కౌలుకు చేసేవారిని కలిపి సగటు తీసినప్పుడు ఆ అద్దె పలచబడిపోతుంది. సొంత భూమి అద్దె విలువను కూడా కలిపిన పూర్తి ఖర్చు మీద సగం అదనంగా ఇవ్వాలన్నదే, రైతుల సమస్యలపై వేసిన స్వామినాథన్ సంఘం సిఫార్సు అని రైతు సంఘాలు అంటాయి. అది అమలైతే కౌలుదారుకు మేలే. కౌలు బస్తాల్లో ఉన్నంతకాలం ఆ మేలులోనూ నలభై పాళ్లు నాకే వస్తాయని మాత్రం మరిచిపోకూడదు.

ఒక సందేశం

2023 జూన్‌లో కౌలుదారుగారు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. చేతిలో ఒక దరఖాస్తు ఉంది. "ఒక్క సంతకం పెట్టించండి బాబూ. కార్డుంటే బ్యాంకోళ్లు లోను చూస్తామంటున్నారండి" అని నన్ను చూసి అన్నారు. ఆ కార్డు 2019 చట్టం ప్రకారం కౌలుదారుకు ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం. పదకొండు నెలలకు మాత్రమే చెల్లుతుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు, పంట మీదే హక్కు. మా నాన్నగారు కాగితం తీసుకుని చదివి, మడిచి, "తర్వాత చూద్దాంలేరా" అన్నారు. యాభై దాటిన మనిషిని ఆ "రా" అనడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉండేది. ఆ పూట ఆ పిలుపు గురించే బాధపడి, అసలు విషయం గురించి నోరు మెదపలేదు.

ఆ డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసి పనల మీద ఉన్న మా చేను నీళ్లలో మునిగింది. ధాన్యాన్ని రోడ్డు మీదికి చేర్చి, పగలు ఆరబెట్టి, రాత్రి బరకాలు కప్పి, కౌలుదారుగారి భార్య వారం రోజులు అక్కడే కాపలా ఉన్నారని తర్వాత తెలిసింది. తేమ 17 శాతానికి దిగితే గాని కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. మరుసటి మార్చిలో ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా నా ఫోనుకు సందేశం వచ్చింది. నాన్నగారి ఖాతాకు నా నంబరే జతపరిచి ఉంది. పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చిన పెట్టుబడి సాయం జమ అయింది. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో నమోదు చేసే ప్రభుత్వ ఈ-క్రాప్‌లో పేరు మాదే ఉంది కదా. మేము నాటని పంటకు, మేము ఆరబెట్టని ధాన్యానికి, మేము కోల్పోని డబ్బుకు పరిహారం మాకు వచ్చింది.

ఆ డబ్బు కౌలుదారుగారికి ఇచ్చాం. కాని ఇచ్చింది సెప్టెంబరులో, నేను పండక్కి ఊరు వెళ్లినప్పుడు. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని దణ్ణం పెట్టారు. నేను ఆ దణ్ణాన్ని ఆపలేదు. ఆయన సొమ్మును ఆరు నెలలు అట్టిపెట్టుకుని, దానం చేసినట్టుగా ఇచ్చానని నాకు అర్థమయ్యేసరికి మరో పంట గడిచింది.

భయాలు, వాటి బరువు

సంతకానికి భయపడే భూయజమానులను దుర్మార్గులని నేను అనలేను. ఆ భయానికి చరిత్ర ఉంది. ఆంధ్ర ప్రాంతంలో 1956 కౌలుదారీ చట్టం, హైదరాబాదు ప్రాంతంలో 1950 చట్టం కౌలుదారుకు గట్టి హక్కులు ఇచ్చాయి, తెలంగాణలో రక్షిత కౌలుదారులు ఆ చట్టం కింద భూమికి యజమానులయ్యారు కూడా. అవి సామాజిక న్యాయం కోసం వచ్చిన చట్టాలే. కాని వాటికి భయపడి యజమానులు కౌలును నోటిమాటకు మార్చారు, ఏటేటా కౌలుదారులను మార్చారు. రక్షణ కోసం పెట్టిన చట్టం చివరకు మనిషినే కాగితం మీద లేకుండా చేసింది. 2011లో వచ్చిన చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చింది, యజమాని సంతకాన్ని తప్పనిసరి చేయలేదు. 2019 చట్టం ఆ సంతకాన్ని తప్పనిసరి చేసింది. యజమానికి ధైర్యం చెప్పాలని పెట్టిన ఆ నిబంధనే ఊళ్లలో పెద్ద అడ్డుగోడ అయింది.

మా నాన్నగారి భయం మాత్రం చట్టం గురించి కాదని నెమ్మదిగా తెలిసింది. ఒకే సర్వే నంబరు మీద బ్యాంకు ఇద్దరికి పంట రుణం ఇవ్వదు. నాన్నగారు ఏటా జూన్‌లో పాసు పుస్తకం పెట్టి పంట రుణం తీసుకునేవారు. మూడు లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే. ఆ డబ్బును డిపాజిట్ చేసి, ఏడాది తిరక్కుండా కట్టేసేవారు. ఇందులో చట్టవిరుద్ధమైనదేదో ఆయన చేస్తున్నారని ఆయనకు ఎన్నడూ అనిపించలేదు, ఊళ్లో అందరూ చేసేదే. కాని సేద్యం కోసం దేశం తక్కువ వడ్డీకి ఇచ్చే డబ్బు సేద్యం చేయని ఇంట్లో వడ్డీ సంపాదిస్తోంది, ఆ చేనులోనే దిగి దమ్ము చేయించే మనిషి 24 శాతానికి తెస్తున్నాడు. 2019లో జాతీయ నమూనా సర్వే జరిపినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబం మీద సగటు అప్పు 2,45,554 రూపాయలని తేలింది. దేశ సగటు 74,121. ఆ అంకె పెద్దదని అందరం బాధపడతాం. దాంట్లో ఎవరి అప్పు ఏ వడ్డీకి ఉందో ఆ ఒక్క సగటు చెప్పదు. మా ఇంటి అప్పూ అప్పే, ఆయన అప్పూ అప్పే.

ఆ పుస్తకం ప్రకారమే మళ్లీ లెక్క వేస్తే, ఎకరానికి పాతిక వేలు నాలుగు శాతానికి దొరికితే ఆరు నెలల వడ్డీ 500. మూడు వేలలో రెండున్నర వేలు మిగులుతాయి. 725 ఎదురు ఉన్న చోట 1,775 లాభం కనిపిస్తుంది. ఏడెకరాలకు పంటకు 17,500. ఆ సంతకం విలువ అంత.

దీనిమీద నాకున్న పెద్ద సందేహం కూడా చెప్పాలి. వడ్డీ తగ్గి కౌలుదారుకు నాలుగు రూపాయలు మిగులుతున్నాయని తెలిస్తే, పొలం కోసం పోటీ పెరిగి, ఆ మిగులు కూడా మరో బస్తా కౌలు రూపంలో యజమానికే చేరవచ్చు. కాలువ కింద భూమికి ఆ గిరాకీ ఎప్పుడూ ఉంది. మేము 13 దగ్గర ఆగినా పక్క పొలం 15కు వెళ్లిందనే మాట ఇప్పటికే వింటున్నాం. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కౌలును బస్తాల నుంచి రూపాయలకు మార్చి, పంట పోయిన ఏడు తగ్గించేలా ముందే రాసుకోవాలని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తోంది. కౌలు మీదే బతికే ఒంటరి పెద్దవాళ్లు, రెండెకరాల వితంతువులు ఊళ్లో చాలామంది ఉన్నారు, వారికి ఈ మాట చెప్పడం నాకు కష్టమే. ఉద్యోగాలున్న మాలాంటివారికి ఆ సాకు లేదు.

"అంత గిట్టనప్పుడు ఆయన పొలం వదిలేయొచ్చు కదా" అని నా స్నేహితుడు అడిగాడు. వదల్లేరు. పొలం చేస్తున్నంతకాలమే ఎరువుల కొట్టువారు కొత్త అరువు ఇస్తారు, పాత బాకీని సాగనిస్తారు. ఈ ఏడు చేయనంటే మూడు లక్షలూ ఒక్కసారిగా కట్టమంటారు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టినప్పుడు రాష్ట్రమంతా అటు చూసింది, రాష్ట్ర మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన సంఘం వేశారు. పొలం బీడు పెట్టగలగడం కూడా కొంత ఆధారం ఉన్నవారికే సాధ్యమని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

సంతకం తర్వాత

ఆ పెళ్లి నుంచి వచ్చిన నెలలోనే, 2025 జూన్‌లో, నాన్నగారు సంతకం పెట్టారు. నా వాదన విని ఆయన మారారని చెప్పలేను. ఆ మార్చిలో వచ్చిన సందేశం గురించి మాట్లాడుతున్నప్పుడు ఆయన చాలాసేపు ఊరుకుని, "మనం పెట్టిన పంట కాదు కదా" అన్నారు. అంతే. తన పంట రుణం కట్టేసి, ఆ ఏడు కొత్తది తీసుకోలేదు. బ్యాంకు కౌలుదారుగారికి అడిగినంత ఇవ్వలేదు, తిప్పించి తిప్పించి ఆగస్టులో సగం ఇచ్చింది. అప్పటికి ఊడ్పులు అయిపోయాయి, ఊడ్పు డబ్బు ఎప్పటిలా కొట్టు నుంచే వచ్చింది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మా వైపే తీరం దాటింది, చేను మళ్లీ పడిపోయింది. నష్టం రాసుకోవడానికి వచ్చినవారి జాబితాలో ఈసారి ఆయన పేరు ఉంది. కౌలు రూపాయల్లోకి మార్చే మాటకు నాన్నగారు ఇంకా ఒప్పుకోలేదు. ఆ సార్వాకు రెండు బస్తాలు మాత్రం తగ్గించారు.

జనవరిలో కౌలుదారుగారి అబ్బాయి మా ఇంటికి వచ్చాడు, ఊరి నుంచి వస్తూ అమ్మ పంపిన బియ్యం సంచీ తెచ్చాడు. టీ తాగుతూ ఫోను తీసి, తండ్రికి పంపిన డబ్బుల వరుస చూపించాడు. ఆరు వేలు, ఆరు వేలు, ఆరు వేలు, డిసెంబరులో ఎనిమిది. ఒక గోదాములో సూపర్‌వైజరు అతను. పొలం పని వచ్చు, దమ్ము చక్రాల ట్రాక్టరు నడపగలడు, నాకు రానివన్నీ అతనికి వచ్చు. "బాకీ తీరిపోతే నువ్వు ఊరెళ్లి చేస్తావా" అని అడిగాను. చేస్తానని గాని, చేయనని గాని అనలేదు. కాసేపాగి, "మీ నాన్నగారి తర్వాత పొలం ఉంచుతారా అండి, చెరువుకి ఇచ్చేస్తారా" అని అడిగాడు. మా పొలానికి రెండు గట్ల అవతల చేపల చెరువులు వచ్చేశాయి, వాటి లీజు ముందు మా కౌలు లెక్కలోకి రాదు. అమ్మే పరిస్థితే వస్తే ముందు మీకే చెబుతానన్నాను.

"చెప్తే మాత్రం కొనగలమా అండి" అన్నాడు అతను, తప్పు పట్టినట్టుగా కాకుండా, తెలిసిన లెక్కను మరోసారి చూసుకున్నట్టుగా. ఉంచుతానని అతనితో ఆ పూట చెప్పలేకపోయాను. చెరువుకు ఇవ్వనని మాత్రం చెప్పాను, నాన్నగారికి కూడా ఆ రాత్రే ఫోను చేసి చెప్పాను.